నలుగురున్న ఇల్లు, వారానికి అయిదు రోజులే వంట: పొలం వాటా తీసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. పెద్దలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, వంట వారానికి అయిదు రోజులు. దగ్గర్లోని ఒక పొలం వారానికో కూరగాయల పెట్టె చొప్పున 22 వారాల సీజన్‌కు పూర్తి వాటా, సగం వాటా ఇస్తోంది. డబ్బు ముందే కట్టాలి. ఏది తీసుకోవాలి, కూరగాయలు కుళ్లిపోతాయా, డబ్బు వృథా అవుతుందా అన్నది మీ సందేహం.

మొదటి ఏడాది సగం వాటా తీసుకోండి. అదీ రెండు షరతుల మీద. కిందటేడు ఏ వారం పెట్టెలో ఏమేం ఇచ్చారో రైతు మీకు జాబితా చూపించాలి. పెట్టె వచ్చే రోజు సాయంత్రం మీ ఇంట్లో ఎవరో ఒకరికి ముప్పావు గంట తీరిక ఉండాలి. రెండో షరతును దాదాపు అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పెట్టె తెచ్చి, కవర్లతో సహా ఫ్రిజ్‌లోకి తోసేసి, నాలుగో రోజు తీసి చూస్తే ఆకుకూర జిగురు కట్టి ఉంటుంది. వాటా మానేయాలన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ముందు వాటా సంగతి. దీన్ని కూరగాయల ముందస్తు బుకింగ్ అనుకుంటే మొదటి నెలలోనే మనసు విరుగుతుంది. ఆ సీజన్‌లో ఆ పొలంలో పండినదాంట్లో మీకొక పాలు, అంతే. బాగా పండితే పెట్టె బరువెక్కుతుంది, వడగళ్లు పడితే తేలికవుతుంది. విత్తనం, నారు, ఎరువు, కూలి ఖర్చులన్నీ పంట చేతికి రాకముందే వచ్చిపడతాయి. మీరు ముందు కట్టే డబ్బు ఆ పెట్టుబడికి పోతుంది, రైతుకు అప్పు తెచ్చే అవసరం తగ్గుతుంది. జపాన్‌లో 1970లలో తేకేయ్ పేరుతో ఇలాంటి ఒప్పందాలు పెరిగాయి. అక్కడి సేంద్రియ వ్యవసాయ సంఘం 1978లో రాసుకున్న పది సూత్రాల్లో ఒకటి, పండించినవాళ్లు పంపినదంతా తినేవాళ్లు తీసుకోవాలన్నది. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో ఒక్కో పొలం ఈ పద్ధతి మొదలుపెట్టాయి. పంపినదంతా తీసుకోవాలన్న పట్టుదల ఇప్పుడు చాలాచోట్ల లేదు. కొన్ని పొలాలు పెట్టె తీసుకునే చోటే ఒక మార్పిడి బుట్ట ఉంచుతాయి: మీకు వద్దన్నది అందులో వేసి, ఇంకొకరు వదిలేసింది తీసుకోవచ్చు. కొన్ని బల్లల మీద పరిచి, ఇన్ని రకాలు ఏరుకోండి అంటాయి. పిల్లలున్న ఇంటికి ఈ ఏరుకునే పద్ధతి దొరికితే వదులుకోకండి.

పూర్తి వాటా అంటే ఇంత అని ఎక్కడా ఒకే కొలత లేదు. ఒక పొలం నలుగురికని ఇచ్చే పెట్టె ఇంకో పొలంలో ఇద్దరికి ఇచ్చేదంత ఉండొచ్చు. అందుకే మనుషుల లెక్క పక్కనపెట్టి కిలోల లెక్క అడగండి. తేలిక వారంలో ఎన్ని కిలోలు, బరువు వారంలో ఎన్ని, ఎన్ని రకాలు?

మీ వైపు లెక్క కూడా తేల్చుకోండి. రెండు వారాల పాటు ఇంటికొచ్చే కూరగాయలన్నీ తూచి రాయండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు విడిగా రాయండి, ఎందుకంటే సీజన్ మొదటి సగంలో అవి పెట్టెలో దాదాపు రావు. పారేసినవి కూడా తూచండి. వారానికి 7 కిలోలు కొంటున్నారు, అందులో రెండున్నర కిలోలు ఉల్లి, బంగాళాదుంప, అర కిలో చెత్తబుట్టకు పోయింది అనుకుందాం. అంటే మీ పొయ్యి మీదికి నిజంగా ఎక్కే తాజా కూరగాయలు 4 కిలోలు. సగం వాటా మొదట్లో 2 కిలోలు, మధ్యలో 4 నుంచి 5 కిలోలు తూగితే మీకు సరిగ్గా సరిపోతుంది. తక్కువైన వారం బయట కొనుక్కోవచ్చు. అదే పూర్తి వాటా అయితే మధ్య వారాల్లో 8, 10 కిలోలు వస్తాయి. అయిదు రోజుల వంటలో అది ఖర్చు కాదు.

ఇక కిందటేటి జాబితా. దీన్ని పది నిమిషాలు శ్రద్ధగా చదివితే ఆ పొలం తీరు సగం తెలిసిపోతుంది. ఏ పంట ఎన్ని రోజులకు చేతికొస్తుందో గుర్తుంచుకోండి. ఎర్ర చిన్న ముల్లంగి 25 నుంచి 30 రోజులు. పాలకూర, లెట్యూస్ లాంటివి 40 నుంచి 50. బీన్స్ 50 నుంచి 60. టమాటా నారు నాటాక 60 నుంచి 80. గుమ్మడి 90 నుంచి 120. కాబట్టి మొదటి నాలుగైదు వారాలు ఆకులూ ముల్లంగీ తప్ప వేరే ఏమీ రాకపోవడం సహజం. ఆకుకు బరువుండదు, పెట్టె నిండుగా కనిపించినా కాటా మీద రెండు కిలోలు దాటదు. ఆ మొదటి పెట్టెలు చూసి మోసపోయామని అనుకోవద్దు.

జాబితాలో అసలు చూడాల్సింది ఒకే పంట ఎన్ని వారాల పాటు కనిపిస్తోందన్నది. బీన్స్ ఆరేడు వారాలు కొద్దికొద్దిగా వచ్చి ఉంటే, రైతు పది, పద్నాలుగు రోజులకోసారి కొత్త సాలు విత్తుతున్నారని అర్థం. రెండు వారాలు మూడేసి కిలోలు వచ్చి ఆ తర్వాత మాయమైతే, మొత్తం ఒకేసారి విత్తేశారు. అది తప్పేమీ కాదు గానీ, ఆ రెండు వారాల బరువు మీ ఫ్రిజ్ మోయాలి. ముల్లంగి, లెట్యూస్, కొత్తిమీర లాంటివి దఫాలవారీగా విత్తకపోతే ఎండలు ముదరగానే పూతకొచ్చి చేదెక్కుతాయి. ఒక సీజన్ పంట అయిపోయి ఇంకో సీజన్ పంట అందుకునే మధ్యలో రెండు మూడు పలచని వారాలు ఉండటం కూడా మామూలే. జాబితాలో అవి కనిపిస్తే అది నిజాయితీగా రాసిన జాబితా.

ఇప్పుడు ఒక పెన్ను తీసుకుని, మీ ఇంట్లో ఎవరూ ముట్టనివి కొట్టేయండి. మూడోవంతు కంటే ఎక్కువ కొట్టేయాల్సి వస్తే, రైతే నిర్ణయించి ఇచ్చే పెట్టె మీకు పనికిరాదు. ఏరుకునే పద్ధతి ఉన్న పొలం చూసుకోండి, లేదా సంతలో రైతు దగ్గరే నేరుగా కొనుక్కోండి. పిల్లలు మెల్లగా అలవాటు పడతారులే అన్న ఆశ మీద 22 వారాల డబ్బు పెట్టకండి.

డబ్బు కట్టే ముందు రైతును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టెలో వచ్చేవన్నీ మీ పొలంలోనివేనా, పక్క పొలాల నుంచీ తెస్తారా? తేవడం తప్పు కాదు, చెప్పకుండా తేవడం తప్పు. ఎక్కడెక్కడో కొని పెట్టెల్లో సర్ది పంపే వ్యాపారం కూడా పొలం వాటా పేరుతోనే నడుస్తుంది. అందులో మీ డబ్బు ఏ పొలం పెట్టుబడికీ పోదు. పంట దెబ్బతింటే ఏం చేస్తారు? ఒక పంట పోతే ఇంకోటి ఎక్కువ వేసి సరిచేయడం వేరు, నెల రోజులు పెట్టే రాకపోతే ఏం చేస్తారన్నది వేరు. రెండో దానికి కాగితం మీద జవాబుండాలి. కరువు, వడగళ్లు, తెగులు అందరూ కలిసి భరించాల్సినవే. కోసేవాళ్లు దొరక్క పంట పొలంలోనే ముదిరిపోతే ఆ నష్టం మీ నెత్తిన వేయకూడదు. వాయిదాల్లో కట్టొచ్చా అనీ అడగండి. మూడు వాయిదాలు ఇచ్చే పొలాలు ఉన్నాయి. వారానికి కొన్ని గంటలు పొలంలో పనిచేస్తే వాటా ధరలో తగ్గించే పొలాలూ ఉన్నాయి.

మందుల గురించి అడిగేటప్పుడు "ఆర్గానిక్కేనా?" అంటే ఒక్క మాటలో అవునంటారు, మీకేమీ తెలియదు. "గత రెండు నెలల్లో ఏ పంట మీద ఏం కొట్టారు, కొట్టాక ఎన్ని రోజులకు కోశారు?" అని అడగండి. చేలో పని తెలిసిన మనిషి దానికి తడుముకోకుండా చెబుతారు. పశువుల ఎరువు మగ్గబెట్టి వేస్తారా, పచ్చిదే వేస్తారా అన్నదీ ముఖ్యమే. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి ఎరువు వేశాక, తినే భాగం నేలకు తగిలే పంటైతే కోతకు కనీసం 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు ఆగాలి. మీ దగ్గర ఏ నిబంధన ఉన్నా, పచ్చిగా తినే ఆకుల విషయంలో ఈ జాగ్రత్త పాటించే రైతు మేలు.

ఊరెళ్లే వారాల సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఎన్ని రోజుల ముందు చెబితే ఆ వారం పెట్టె ఆపుతారు, దాన్ని తర్వాత సర్దుతారా? చాలా పొలాలు ఆపవు, మీ బదులు ఇంకెవరినైనా పంపమంటాయి. మీ ఇల్లు 22 వారాల్లో అయిదారు వారాలు ఊళ్లు తిరిగేదైతే వాటా గిట్టుబాటు కాదు.

పెట్టె అందుకోవడంలో ఒకే ఒక్క జాగ్రత్త: వేడి. కోసిన తర్వాత కూడా కూరగాయ ఊపిరి పీల్చుతూనే ఉంటుంది. ప్రతి 10 డిగ్రీల వేడికి ఆ వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. రైతు తెల్లవారుజామునే కోసి, నీళ్లలో చల్లార్చి, నీడలో పెట్టిన ఆకును మీరు ఎండలో ఆపిన కారు డిక్కీలో రెండు గంటలు ఉంచితే ఆ పనంతా వృథా. ఆ రోజు వేరే పనులు ముందు చూసుకుని, పెట్టె తీసుకోవడం చివరి పనిగా పెట్టుకోండి. కుదరకపోతే ఐస్ ప్యాక్ వేసిన డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఇక ఆ ముప్పావు గంట. పెట్టె బల్ల మీద బోర్లించి మొత్తం పరవండి. మొదట ఆకుకూరల కట్టలకు ఉన్న రబ్బరు బ్యాండ్లు, తాళ్లు తీసేయండి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. బ్యాండ్ కింద కాడలు నలిగి తడిగా ఉంటాయి, మర్నాటికే నల్లబడతాయి. పసుపు పచ్చగా మారినవి, నలిగినవి ఏరిపారేయండి. ఒక్క కుళ్లిన ఆకు చుట్టూ ఉన్న పిడికెడు ఆకును పాడుచేస్తుంది. పెద్ద గిన్నెలో చల్లటి నీళ్లు పోసి ఆకులు ముంచి, ఒకసారి కలిపి, రెండు నిమిషాలు వదిలేయండి. మట్టి అడుగుకు దిగుతుంది. అప్పుడు ఆకులను చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు ఒంపితే దిగిన మట్టి మళ్లీ ఆకుల మీదికే వస్తుంది. తర్వాత పొడిగుడ్డ మీద పరచి ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, ఇంకో పొడిగుడ్డలో వదులుగా చుట్టి మూత డబ్బాలో పెట్టండి. తడి ఆకు కుళ్లుతుంది, గుడ్డ లేని ఆకు వడలుతుంది. ఇలా పెట్టినవి అయిదు నుంచి ఏడు రోజులు నిలుస్తాయి. దారిలో వడలిన ఆకును పారేయకండి. బాగా చల్లటి నీళ్లలో అరగంట ఉంచితే చాలావరకు నిక్కుతుంది.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి ఆకులతో వస్తే వెంటనే కోసేయండి, దుంప మీద రెండు సెంటీమీటర్ల కాడ వదలండి. ఆకు దుంపలోని నీటిని లాగేస్తుంది, రెండు రోజుల్లో క్యారెట్ రబ్బరులా వంగుతుంది. ముల్లంగి, బీట్‌రూట్ ఆకులు వండుకోవచ్చు, కానీ రెండు రోజుల్లోనే. దుంపలను కడగకుండా, మట్టి దులిపి కవర్లో పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి.

ఫ్రిజ్ అన్నిటికీ మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. వంకాయ, బెండ, కీరా, బీన్స్‌కు ఇంటి ఫ్రిజ్‌లోని 3, 4 డిగ్రీల చలి ఎక్కువ. నాలుగైదు రోజుల్లో తొక్క మీద గుంటలు, నీటి మచ్చలు వస్తాయి, వంకాయ లోపల గింజలు నల్లబడతాయి. వీటిని కాగితంలో చుట్టి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వండేయండి. టమాటా పూర్తిగా పండేదాకా బయటే ఉండాలి, తొడిమ వైపు కిందికి పెట్టండి. గుమ్మడి, ఉల్లి, వెల్లుల్లి గాలి తగిలేచోట ఉంచండి. బంగాళాదుంప చీకట్లో, చల్లగా, ఉల్లికి దూరంగా ఉండాలి. టమాటా, అరటి, ఆపిల్ పండేటప్పుడు ఎథిలీన్ వాయువు వదులుతాయి. వాటి పక్కన పెట్టిన క్యారెట్ చేదెక్కుతుంది, ఆకులూ కీరా పసుపెక్కుతాయి.

సర్దడం అయ్యాక ఒక కాగితం మీద ఏది ముందు తినాలో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించండి. మొదటి రెండు రోజులు మొక్కజొన్న, పచ్చి బఠాణీ, లేత ఆకులు. మొక్కజొన్నలోని తీపి కోసిన గంట నుంచే పిండిగా మారడం మొదలవుతుంది, దాన్ని ఆదివారానికని దాచొద్దు. మూడు నాలుగు రోజులకు బెండ, బీన్స్, కీరా, వంకాయ. ఆ తర్వాత క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్. కొత్త పెట్టె వచ్చే ముందురోజు మిగిలినవన్నీ కలిపి సూప్ పెట్టేయండి. నిన్నటి పెట్టె మీద కొత్త పెట్టె పడితే ఇక లెక్క అందదు.

పొంగిపొర్లే వారాలు సగం వాటాలోనూ వస్తాయి. అప్పుడు ఫ్రీజర్ అక్కరకొస్తుంది, కానీ పచ్చివి అలాగే పెట్టకండి. ఫ్రీజర్ చలిలో కూడా కూరగాయలోని ఎంజైములు మెల్లగా పనిచేస్తూ రంగు, రుచి చెడగొడతాయి. వాటిని ఆపడానికి ముందు మరిగే నీళ్లలో వేసి తీయాలి: బీన్స్ మూడు నిమిషాలు, ఆకుకూర రెండు, బఠాణీ ఒకటిన్నర. అర కిలో కూరకు నాలుగు లీటర్ల నీళ్లు. కూర వేశాక నిమిషం లోపు నీళ్లు మళ్లీ మరగాలి. మరగలేదంటే ఎక్కువ వేశారు. తీసిన వెంటనే ఐసు నీళ్లలో అంతే సేపు ఉంచి, బాగా ఆరబెట్టి, పళ్లెంలో పరచి గడ్డకట్టించాక కవర్లో వేయండి. తడి ఉంటే అంతా ఒకే గడ్డవుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో ఎనిమిది నెలల పైనే రుచి నిలుస్తుంది. టమాటాకు ఇదేమీ అక్కర్లేదు, కడిగి అలాగే ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగాక తొక్క దానంతటదే ఊడుతుంది. కీరా, లెట్యూస్ ఫ్రీజర్‌కు పనికిరావు. క్యాబేజీ ఎక్కువైతే సన్నగా తరిగి, కిలోకు 20 గ్రాముల ఉప్పు కలిపి, నీరు ఊరేదాకా పిసికి, సీసాలో ఆ నీటిలోనే మునిగేలా నొక్కి పులియబెట్టండి. ముక్క నీటిపైకి తేలితే బూజు పడుతుంది. బీన్స్, క్యారెట్ లాంటివి మాత్రం నీళ్లలో ఉడికించి, సీసాలో మూతపెట్టి గదిలో దాచకండి. పులుపు లేని సీసాలో బొటులిజం సూక్ష్మజీవి విషం చేస్తుంది. మరిగే నీటి వేడికి దాని బీజాలు చావవు.

పెట్టెలో ఏది లోపమో, ఏది కాదో తెలుసుకుంటే గొడవలు తగ్గుతాయి. ఆకుకు చిల్లులు, వంకర క్యారెట్, మట్టి లోపాలు కావు. చాలాకాలం ఎండి ఒక్కసారిగా వాన పడితే టమాటా పగులుతుంది, దాన్ని ఆ రోజే వండాలి. క్యాలీఫ్లవర్, బ్రాకలీలో పురుగులుంటే ఉప్పునీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు ముంచండి, తేలి వస్తాయి. పచ్చబడ్డ బంగాళాదుంపను మాత్రం తినకండి. సొర, దోస, గుమ్మడి జాతి కాయ ఏదైనా విపరీతంగా చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషం, వండినా పోదు. జిగురు కట్టిన ఆకు, లోపల పీచుపట్టిన ముల్లంగి, పెన్నుతో గుచ్చినా దిగని ముదురు బెండ లాంటివి వస్తే రైతుకు ఆ రోజే ఫొటో పంపండి. "ఈ వారం బాలేదు" అంటే ఆయన చేయగలిగిందేమీ లేదు. "బెండ ముదిరింది, ఆరింటిలో నాలుగు పీచే" అంటే, ఒక రోజు ముందే కోయాలని ఆయనకు తెలుస్తుంది.

ఎదురింటివాళ్లతో కలిసి పూర్తి వాటా పంచుకోవాలనుకుంటే, ఒక వారం మీరు, ఒక వారం వాళ్లు అన్న ఏర్పాటు వద్దు. మొక్కజొన్నంతా ఒకరికి, ముల్లంగంతా ఇంకొకరికి పోతుంది. ప్రతి పెట్టెనూ రెండు చేయండి. ఒకరు పంచాలి, రెండోవాళ్లు ముందు ఎంచుకోవాలి, మరుసటి వారం ఈ వంతులు మారాలి. పంచుకునే చోటు, సమయం స్థిరంగా ఉండాలి. పంచడానికి మర్నాటిదాకా ఆగితే ఆకు ఆగదు.

గిట్టిందా లేదా అన్నది వారం వారం చూడకండి, మొదటి నెల ఎప్పుడూ నష్టంగానే కనిపిస్తుంది. ఒక నోటుబుక్కులో ప్రతి పెట్టెకూ మూడు అంకెలు రాయండి: వచ్చిన బరువు, అదే రోజు అలాంటి తాజా సరుకు బయట కొంటే అయ్యే ఖర్చు, మీరు పారేసిన బరువు. 22 వారాలు అయ్యాక కూడండి. పారేసింది పదోవంతు దాటితే వచ్చే ఏడు కూడా సగం వాటాలోనే ఉండండి, ధర ఎంత కలిసొచ్చినా. ఆ పుస్తకం సీజన్ ముగిసిన వారంలోనే రైతుకు చూపించండి. వచ్చే సీజన్‌కు ఏ విత్తనం ఎంత తెప్పించాలో ఆయన చాలా నెలల ముందే లెక్క వేసుకుంటారు. మొదటి పెట్టె వచ్చాక ముల్లంగి తగ్గించమంటే అప్పటికే అది మొలకెత్తి ఉంటుంది.